అరవై మూడు బై ఒకటి

మా బాబాయి మున్సిపల్ ఆఫీసులో ఇళ్ళకు నంబర్లు రాసేవాడు. ఊరంతా ఆయన్ని 'బై బాబాయి' అనేది. ఏ ఇంట్లోనైనా అన్నదమ్ములు వేరుపడి మధ్యలో గోడ లేస్తే చాలు, కుంచె పట్టుకుని వెళ్ళి పాత నంబరు పక్కన బై ఒకటి, బై రెండు అని తగిలించి వచ్చేవాడు.

ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో తూర్పు వీధి అరవై మూడో నంబరుతో ఆగిపోయేది. ఆ తర్వాత అంతా చెరువే. పని అయ్యాక అక్కడే కుంచెలు కడుక్కుని, కాసేపు కొంగల్ని చూసి ఇంటికొచ్చేవాడు. ఆయన రెండో కాపురం ఆ చెరువుతోనే అని పిన్ని దెప్పేది.

ఒక వేసవిలో చెరువు అంచున రేకుల ఇల్లొకటి లేచింది. చంకలో బిడ్డతో ఒకావిడ వచ్చి, నంబరు లేనిదే కరెంటు ఇవ్వమంటున్నారని బతిమాలింది. పైవాళ్ళ కాగితం లేకుండానే బాబాయి 63/1 అని రాసేశాడు. ఒక్క ఇల్లేగా, ఇంత చెరువుకి ఏమవుతుందిలే అనుకున్నాడు. అక్కడే దెబ్బతిన్నాడు. ఆవిడకు రాశావు, మాకెందుకు రాయవని మరుసటి నెల నలుగురు నిలదీశారు. వాళ్ళకూ రాసిచ్చాడు. ఉద్యోగం నుంచి దిగిపోయేనాటికి అది బై నాలుగొందల పన్నెండు దాకా పాకింది. కుంచె కడగడానికి కుళాయి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇప్పుడు వాన కురిస్తే ఊళ్ళో మోకాళ్ళలోతు నీళ్ళు, ఎండాకాలం వస్తే బోర్లలో గాలి తప్ప ఏమీ రాదు. చెరువు తిరిగి తవ్వించండని బాబాయి ఆరేళ్ళు అర్జీలు పెట్టాడు. తన చేత్తో చేసింది తనే సరిచెయ్యాలట. చివరికి ఆఫీసు ఒప్పుకుంది. పాత గట్టు ఎక్కడుండేదో తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు కనక, కూల్చే ఇళ్ళకు ఎర్ర గుర్తు పెట్టే పని ఆయనకే అప్పజెప్పింది. ఆ ఇళ్ళవాళ్ళకు వేరే చోటు ఇస్తారా అని బాబాయి అడిగితే, చూద్దాం అన్నారట. నాకు ఒళ్ళు మండింది. వెళ్ళొద్దన్నాను, వినలేదు. చేసేది లేక తోడు వెళ్ళాను.

మొదటి తలుపు ఆ 63/1 ఆవిడదే. రేకుల ఇల్లు మూడంతస్తులైంది, మెట్ల మీద కూడా పక్కలు చుట్టిపెట్టి ఉన్నాయి. ఆవిడ బాబాయిని గుర్తుపట్టి కుర్చీ వేసింది. చేతిలో కుంచె చూసి సంగతి గ్రహించింది. కేకలేమీ వెయ్యలేదు.

"ఆ రోజు నువ్వు కాదని ఉంటే ఇంకో చోటికి పోయేవాళ్ళం తమ్ముడూ. అప్పుడు ముగ్గురం. ఇప్పుడు పంతొమ్మిదిమందిమయ్యాం. ఎటు పొమ్మంటావు?"

బాబాయి కుర్చీలోంచి లేచి తన పాత రాత పక్కనే గుర్తు పెట్టాడు. గీత వంకరపోయింది. పక్కింటికి వెళ్ళలేక అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. కుంచెలోని ఎర్ర రంగు చొక్కా మీదికి కారుతున్నా చూసుకోలేదు.

ఆవిడ లోపలికి వెళ్ళి, కొనుక్కున్న క్యాన్‌లోంచి గ్లాసెడు నీళ్ళు వంపుకొచ్చింది.

"తాగు తమ్ముడూ," అంది. "మిగిలితే కుంచె కడుక్కో."