కుడివైపు నొక్కు

తడిసిన ఉన్ని మీద వేడి ఆవిరి పడితే ఒక వాసన వస్తుంది. వానకు తడిసిన గొర్రె పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. నిన్న మా హోటల్ లాండ్రీకి ఎవరో అతిథి ఒత్తిన ఉన్నితో చేసిన పాత ఫెల్ట్ టోపీ ఒకటి పంపించారు. ఇస్త్రీ చేసే అమ్మాయి ఆవిరి గొట్టం దాని మీదికి తిప్పగానే ఆ వాసన గది నిండా పాకింది. "ఆపు!" అని నేను అరిచిన అరుపుకు పక్క గదిలో దుప్పట్లు మడతపెట్టేవాళ్లు కూడా తొంగి చూశారు. స్వరూప మేడమ్ అంటే ఇక్కడ అందరికీ తెలిసింది తరుముడే, "ఇంకా కాలేదా" అనే మాటే. అలాంటి మనిషి పని ఆపమనడం వాళ్లకు వింతగా తోచి ఉంటుంది. నాకు మాత్రం శంషాబాద్, నర్సింలు బాపు, ఆ వసారాలో నేను చేసిన తప్పు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

అప్పటికి శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలై రెండేళ్లు. షాద్‌నగర్ దగ్గరి మా ఊరి నుంచి వచ్చి ఒక హోటల్ లాండ్రీలో చేరి, బాపు ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకున్నాను. ఇరవై రెండేళ్ల వయసు. ఒక చోట నిలబడడం నాకు చేతనయ్యేది కాదు. ఇంటి మీదుగా విమానం పోతే అన్నం మధ్యలో లేచి వాకిట్లోకి పరుగెత్తేదాన్ని. మళ్లీ కంచం ముందు కూర్చుని, ఎందుకు లేచానా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. లాండ్రీలో మాకు నేర్పింది కూడా అలాంటిదే. మరక కనిపిస్తే తియ్యాలి, ముడత కనిపిస్తే చదును చెయ్యాలి, బండి వచ్చేలోపు అన్నీ మడతపడాలి. ఆ పని నా ఒంటికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

బాపు పాతబస్తీలోని ఒక టోపీల దుకాణంలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. అది మూతపడ్డాక ఇంటికొచ్చి వంటింటి పక్క వసారాలో అదే పని పెట్టుకున్నాడు. అక్కడ ఉన్నవి నాలుగు చెక్క అచ్చులు, ఒక మెత్తటి బ్రష్, స్టవ్ మీద మరిగే గిన్నె. అంచు వాలిపోయిన టోపీనైనా, పురుగు కొట్టినదాన్నైనా ఆవిరి పట్టి మెత్తబరిచి, అచ్చుకు తొడిగి తాడు బిగించి ఆరబెట్టేవాడు. నాటకాలవాళ్లు వచ్చేవారు, గుర్రప్పందాలకు పోయే ముసలి సోకుగాళ్లు వచ్చేవారు. బాపు భార్య బాలమణవ్వకు ఈ వ్యవహారమే గిట్టదు. "నా బువ్వ గిన్నెల నీ టోపీల ఆవిరేంది? ఇగ రేపటి సంది టోపీలే కూర వండి పెడ్త, తిను" అనేది. బాపు తల ఎత్తకుండా "ఉప్పు జర తక్కువెయ్యి" అనేవాడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. టోపీ ఇంటికి రాగానే ముట్టుకునేవాడు కాదు. గోడకున్న మేకుకు తగిలించి ఒక దినమంతా అలాగే ఉంచేవాడు. వస్తూ పోతూ చూసేవాడు. తెచ్చినవాళ్లను ఒకే ప్రశ్న అడిగేవాడు, టోపీ పెట్టుకునే మనిషి దాన్ని ఏ చేత్తో తీస్తాడని. పట్టే చెయ్యి ఏ పక్కదైతే నొక్కు కూడా ఆ పక్కే పడుతుందట. జవాబును పలక మీద బలపంతో వంకర అక్షరాల్లో రాసుకునేవాడు. నాకు ఆ మేకును చూస్తే ఒళ్లు మండేది. సెలవు రోజుల్లో ఆయన దగ్గర పని నేర్చుకుంటానని కూర్చునేదాన్ని కదా, తీరా చూస్తే నేర్చుకునేది గోడను చూడడమా? "ఆవిరి పడితే గంటల అయిపోతది గద బాపూ" అన్నాను ఒకసారి. "అయితది బిడ్డా. ఏమైతదో గదే సూస్తున్న" అన్నాడు.

ఒక వానాకాలం అత్తాపూర్ నుంచి సుభద్రమ్మగారు వచ్చారు. కోస్తా వైపు మాట, నెమ్మది మనిషి. చేతి సంచిలోంచి బూడిదరంగు ఫెల్ట్ టోపీ తీశారు. అది ఆమె భర్తది. ఆయన పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఇంటి కప్పు కారి అల్మరాలోకి నీళ్లు దిగడంతో టోపీ అంచు వాలిపోయింది. "ఆదివారం సంవత్సరీకమండీ. ఫొటో పక్కన పెట్టాలి. ఆయన టోపీ ఆయనదిలాగే ఉండాలి, అంతే" అన్నారు. ఏ చెయ్యి అని బాపు అడిగితే, ఎడమచేతి వాటమని చెప్పారు. బాపు పలక మీద రాసుకుని టోపీని మేకుకు తగిలించాడు. సాయంత్రం దాకా దాన్నే చూస్తూ, మధ్యమధ్య తన ఎడమ చెయ్యి గాలిలోకి ఎత్తి దించాడు.

మర్నాడు నాకు సెలవు. బాపు కళ్లు చూపించుకోవడానికి దవాఖానకు పోతూ, "దుమ్ము దులుపు బిడ్డా. ఆవిరి జోలికి పోకు" అని చెప్పి వెళ్లాడు. దులిపాను. అది అర్ధగంట పని. టోపీ ముందువైపు వేళ్లతో పట్టుకునే మడత ఉంది, అది ఉండవలసిందేనని తెలుసు. కానీ వెనక కుడివైపు ఒక లోతైన నొక్కు ఉంది. వాన నీళ్లకు కుంగిపోయిందనుకున్నాను. కళ్ల ముందు అంత ముడత పెట్టుకుని ఊరుకోవడం నా వల్ల కాలేదు. గిన్నె పెట్టాను. ఆవిరి పట్టి, లోపలి నుంచి గరిటె వీపుతో మెల్లగా తోసి నున్నగా చేశాను. అంచు కూడా సరిచేశాను. కొత్త టోపీలా మెరిసింది. బాపు వచ్చి మెచ్చుకుంటాడని గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆయన టోపీని తిప్పి చూసి, "గా కుడి దిక్కు నొక్కు ఏడబోయింది?" అన్నాడు. చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. "ఎడమ చెయ్యి మనిషికి కుడి దిక్కు ఎనక నొక్కు ఎట్ల పడ్తది? గదే సమజ్ కాలే నాకు. ఆమెను అడుగుదామని ఆగిన." తిట్టలేదు. తిడితే బాగుండునని ఎంత అనిపించిందో! "ఆమెకు యాదుండదు బాపూ, కొత్తగ ఉందని సంబరపడ్తది" అన్నాను. "యాదుంటదో లేదో చెప్పేది మనం కాదు" అన్నాడు. ఆమె వచ్చే శనివారం దాకా నాకు అన్నం సయించలేదు.

సుభద్రమ్మగారు రాగానే బాపు చేతులు జోడించాడు. "అమ్మా, మా తాన తప్పైంది." ఆయన ఇంకో మాట అనేలోపు నేనే ముందుకొచ్చి, "నేను చేశానండి" అన్నాను. ఆమె టోపీ అందుకుని కుడివైపు వేళ్లతో తడిమారు. తడిమిన చోటే మళ్లీ మళ్లీ తడిమారు. కోప్పడతారనుకున్నాను.

"అది ఆయనది కాదమ్మా. నాది" అన్నారు. "ఇంటికి రాగానే గుమ్మంలో బూట్లు విప్పుకోవడానికి వంగేవారు. టోపీ నేను తీసేదాన్ని. రోజూ."

బాపు మొహం విప్పారింది. నన్ను స్టవ్ వెలిగించమన్నాడు. నొక్కు ఉండిన చోటే ఆవిరి పట్టి, మెత్తబడిన టోపీని తన ముసలి తలకు పెట్టుకుని గుమ్మంలో వంగాడు. "తియ్యుండ్రి అమ్మా" అన్నాడు. ఆమె కళ్లు మూసుకుని చెయ్యి చాపారు. వేళ్లు వెతుక్కోకుండా తిన్నగా వెళ్లి పట్టుకున్నాయి. "వేడి సల్లారేదాక ఇడ్వద్దు" అన్నాడు బాపు. ఆమె ఆ టోపీని పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడ్డారు. ఇంటి మీదుగా విమానం పోయింది. నేను బయటికి పరుగెత్తలేదు. బాలమణవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుని, పొగ అని అందరికీ వినబడేలా చెప్పింది.

అప్పటితో నేను మారిపోయానని చెబితే అబద్ధం. మూడేళ్ల తర్వాత ఇప్పటి హోటల్‌లో పెద్ద పని దొరికి గది ఖాళీ చేసినప్పుడు, ఇన్నాళ్లు కన్నబిడ్డలా చూశారని వసారా మొత్తం కడిగాను. అచ్చులు తుడిచాను, గిన్నె తోమాను. ఆ ఊపులో పలక కూడా కడిగేశాను. బాపు చూసి నవ్వాడు. "నన్ను గూడ తుడుస్తవా ఏంది బిడ్డా?" అన్నాడు. నేనూ నవ్వాను. అప్పటికే ఆయనకు చూపు తగ్గింది. ఆ తర్వాత టోపీలు పట్టలేదు, పలక మీద ఏమీ రాయలేదు. ఆరు నెలలకు పోయాడు.

పదో దినం నాడు బాలమణవ్వ ఆ పలక తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాకు సదువు రాదు. ఆయన రాత ఏమన్న ఉందేమో సూడు బిడ్డా. ఉంటే నా పేటిల దాసుకుంట" అంది. నేను పలకను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాను. "ఏం లేదవ్వా" అన్నాను. "గట్లయితే నీ తాననే ఉంచుకో" అంది.

అతిథి టోపీ ఇప్పుడు మా లాండ్రీ గోడకు మేకు మీద ఉంది. నేను ఆ మేకు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాను. రేపు ఆయనకు ఫోన్ చేసి, ఏ చేత్తో తీస్తారని అడుగుతాను. అవ్వ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. పోయినప్పుడల్లా బువ్వ పెట్టి, బాపు పలక పదిలంగా ఉంచుకొమ్మని చెబుతుంది. దాన్ని తుడిచింది నేనేనని ఇంతవరకు ఆమెకు చెప్పలేదు.