మెడ్రాస్ ఐ, అవ్వ తడిగుడ్డ

పాపకు కళ్ళు ఎర్రబడ్డాయని పొద్దున కాచి చల్లార్చిన నీళ్ళలో పాత పంచెముక్క తడిపాను. ఆ తడి నూలు వాసనకు కురుచికుప్పంలో మా అవ్వ గుర్తొచ్చింది.

మెడ్రాస్ ఐ, అదే కండ్లకలక, వచ్చినవాళ్ళను చూస్తే అంటుకుంటుందని రెండువేల దశకం మొదట్లో బడికెళ్ళిన మనమంతా ఎలా తల తిప్పుకునేవాళ్ళమో గుర్తుందా? నాకు వచ్చినప్పుడు అమ్మ కూడా గోడకేసి చూస్తూ అన్నం పెట్టింది. పక్కింటి అత్త కంట్లో చనుబాలు వెయ్యమంది.

"అదేందిమే? కంట్లో ఏమీ పొయ్యగూడదు. చూస్తే అంటుకోదు, ఒకరి తుండు ఒకరు వాడితే అంటుకుంటాది" అంది అవ్వ. సబ్బుతో చేతులు కడుక్కుని, నా మూసిన కళ్ళమీద చల్లని గుడ్డ వేసి ఎదురుగానే కూర్చుంది. గుడ్డ తీసినప్పుడల్లా మొదట కనిపించింది అవ్వ మొహమే.

ఇందాక పాప, "నన్ను చూడొద్దమ్మా" అని అటు తిరిగింది. నేను లేచి అటువైపు వెళ్ళి కూర్చున్నాను.