పాల కేంద్రంలో డిస్కు వేగం కొలిచిన పొద్దు

బడి మెట్లెక్కని నాకు మదనపల్లెలో మా నాయన ఇంట్లోనే చదువు చెప్పాడు, మా అన్న కంప్యూటరు నేర్పాడు. ఆ ఇద్దరి పుణ్యాన, రెండు వేల సంవత్సరం దాటాక, పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దారిలో ఒక పాల కేంద్రానికి ప్రోగ్రాము రాసిచ్చాను. పాలు పోసినవాళ్ళ లెక్క డిస్కులో పడ్డాకే చీటీ వస్తుంది. చీటీ అందితేనే వెనకవాళ్ళు ముందుకు జరుగుతారు.

కంప్యూటరు వచ్చినప్పటి నుంచీ వరస నత్తనడక పట్టింది. అసలే ఎండాకాలం. వరస చివర నిలబడే ఒక అవ్వ పాలు అప్పటికే ఒకటికి రెండుసార్లు విరిగి వెనక్కి పోయాయి.

"ఇంగోసారి ఇరిగితే ఆవును అమ్మేస్తానమ్మా. బేరగాడు రేపు సాయంత్రం వస్తాండాడు" అంది నాతో.

కేంద్రం సెక్రటరీకి ఓపిక తక్కువ. "రాసింది డిస్కుకు చేరిందా లేదా అని ప్రతిసారీ కనుక్కునేది యాలమ్మా? అది తీసేయ్, బిరబిరా పోతాది" అన్నాడు.

"కరెంటు పోతే పాలు తొట్టిలో ఉంటాయప్పా, లెక్క మాత్రం యాడా ఉండదు" అన్నాను. చెప్పాపెట్టకుండా పోయే మా కరెంటు సంగతి ఎరిగినవాడు కనుక సరేనన్నాడు.

నేనొక చిన్న ప్రోగ్రాము రాసుకున్నాను. అది డిస్కు మీద ఒక ముక్క రాసి, నిజంగా చేరిందని జవాబు వచ్చేదాకా ఆగి, ఎంతసేపు పట్టిందో తెర మీద చూపిస్తుంది. మధ్యాహ్నం ఖాళీ హాల్లో నడిపితే ప్రతిసారీ రెప్పపాటులో జవాబు. డిస్కు బాగానే ఉంది, తప్పు లెక్కలు దాచే నా డేటాబేసుదే అనుకుని సెట్టింగులన్నీ తిప్పి చూశాను. సాయంత్రం వరస మళ్ళీ అట్లాగే నిలిచింది.

మర్నాడు పొద్దున్నే దీపం పెట్టి దండం పెట్టుకుని వెళ్ళి, పాలు పోస్తున్నప్పుడే దాన్ని నడిపాను. చిన్న చిన్న అంకెల మధ్య ఒకటి ఉన్నట్టుండి సెకన్లలోకి ఎగిరింది. అప్పుడే నా మోచేతి కింద బండ అదిరింది. మా వైపు ఆడవాళ్ళు పాలు పోశాక, అడుగున చుక్క మిగలకుండా, క్యానును తొట్టి పక్కన బండకేసి దబదబా తడతారు. కుప్పం నుంచి తెచ్చిన ఆ గ్రానైటు బండ చివరే మేము కంప్యూటరు పెట్టాము. అదురు తగిలినప్పుడల్లా డిస్కు తడబడి, రాసిందే మళ్ళీ రాస్తోంది.

"కొంచెం మెల్లిగా తట్టండమ్మా" అని అడిగి చూశాను.

"మా సుక్క మేమెందుకు ఇడిసిపెట్టాల? నీ పెట్టెకంత బయమైతే ఇంటికి తోలుకపో" అంది ముందున్న ఆవిడ. వరసంతా నవ్వింది.

సెక్రటరీ లేచి తన చెక్క కుర్చీ ఇచ్చాడు. దాన్ని బండకు దూరంగా వేసి, గోనెపట్ట మడిచి పరిచి, కంప్యూటరును దాని మీదికి మార్చాము. అంకెలు మళ్ళీ చిన్నవయ్యాయి. చీటీలు చకచకా రావడం మొదలైంది.

ఎండ ముదరకముందే అవ్వ వంతు వచ్చింది. సెక్రటరీ ఆమె పాలు కొంచెం కాచి చూశాడు. విరగలేదు. నేను మనసులోనే దేవుడికి చేతులు జోడించాను.

అవ్వ చీటీ కొంగున ముడేసుకుని, "ఆ బేరగానికి మజ్జిగిచ్చి పంపిస్తాలే" అంటూ ఇంటిదారి పట్టింది.