చిల్లుల గోడ, కదలని చుట్టాలు

1974లో నేను విజయవాడలో ఒక పెద్ద ఆర్కిటెక్టు గారి దగ్గర జూనియర్‌గా ఉండగా, కంకిపాడులో ఒక ఇంటి పని నాకు అప్పగించారు. పై అధికారి లేకుండా నేనొక్కడినే చూసిన మొదటి ఇల్లు అది. యజమాని దేవసహాయం గారు ఎరువుల వ్యాపారి. మద్రాసు బంగళాల్లా ముందువైపంతా అద్దాలు పెట్టించాలని ఆయన కోరిక. మే నెలలో ఆ అద్దాల వెనక మనుషులు ఉడికిపోతారని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చింది.

మా వృత్తిలో స్థలం కొలిచే ముందు గాలిని చూసుకోవాలి. అది ఏ వేళకి ఎటునుంచి వస్తుందో చూద్దామని ఒక వెదురు గడకి ఎర్రగుడ్డ కట్టి స్థలంలో పాతాను. సాయంత్రానికల్లా నలుగురు వచ్చి పార్టీ ఆఫీసు ఎప్పుడు తెరుస్తారని అడిగారు. గుడ్డ మార్చి తెల్లది కట్టాను.

తేలింది ఊరందరికీ తెలిసిందే: పగలు పడమటి వడగాలి, పొద్దువాలితే దక్షిణం నుంచి పైరగాలి. అందుకని పడమర మూసి, దక్షిణపు వసారాకి జాలీ గోడ పెట్టాను. అంటే ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు వదిలి కట్టే గోడ. ఎండ ఆగుతుంది, గాలి ఆగదు.

గోడ నడుమెత్తు లేచేసరికి కంకిపాడులో ఒకటే మాట: దేవసహాయానికి ఇటుకలు చాల్లేదట. బస్సు దిగినవాళ్లు ఆగి చూసి, పాపం అనుకుంటూ పోయేవారు. ఎరువుల వ్యాపారం అరువు మీద నడుస్తుంది, అరువు పరపతి మీద నడుస్తుంది. విజయవాడ హోల్‌సేల్ షావుకారు గుమాస్తాని పంపి, ఇల్లు ఎంతవరకు వచ్చిందని మర్యాదగా వాకబు చేయించాడు. దేవసహాయం గారికి ముచ్చెమటలు పోశాయి. సందులన్నీ పూడ్చెయ్యమని మేస్త్రికి చెప్పేశారు. అవి పూడిస్తే అది ఇల్లు కాదు, ఇటుకబట్టీ. నాకు నిజంగానే కోపం వచ్చింది. గృహప్రతిష్ఠ దాకా ఆగమని, ఆ రోజు ఒక్కరు నవ్వినా నా చేత్తోనే పూడుస్తానని మాటిచ్చాను.

ప్రతిష్ఠ ప్రార్థన మే నెలలో పెట్టుకున్నారు. చుట్టాలు, చర్చి సంఘస్తులు, షావుకారు అందరూ వచ్చారు. కరెంటు పోయింది. హాల్లో ఉన్నవాళ్లంతా చాపలతో సహా జాలీ వసారాలోకి మారారు. ఎండాకాలంలో ప్రార్థన క్లుప్తంగా ముగిస్తారని పేరున్న పాస్టరు అయ్యగారు ఆ పూట లోకంలోని దేశాలన్నిటి కోసమూ విడివిడిగా ప్రార్థించారు. షావుకారు గోడకి ఆనుకుని గుర్రు పెట్టాడు. లేచాక, తన ఇంటికీ ఇలాంటి గోడే గీసిమ్మని నన్నడిగాడు. నవ్వినవాడు లేడు. నేను నేల మీద నడిస్తే ఒట్టు.

వారం తిరక్కుండా దేవసహాయం గారు మా ఆఫీసుకి వచ్చారు. కూర్చోకుండానే, "ఆ సందులు పూడ్పించెయ్యండి ఇంజనీరు గారూ" అన్నారు.

ఎవరైనా నవ్వారా అని అడిగాను.

"నవ్వినా బాగుండేదండీ. వచ్చిన చుట్టాలు ఒక్కరూ కదలట్లేదు. మా బావగారైతే ఊర్నించి మంచం తెప్పించుకున్నారు. వండలేక మా ఆవిడ పుట్టింటికి పోతానంటోంది, ఆ పుట్టింటివాళ్లూ ఇక్కడే ఉన్నారాయె. చల్లగా ఉండే ఇల్లు కట్టమన్నాను గానీ, సత్రం కట్టమన్లేదు కదండీ."

గోడ జోలికి పోవద్దన్నాను. పడమటి ఎండని అడ్డుకోవడానికి ఆ వైపు ముందే ఒక సామాన్ల గది కట్టి ఉంచాం. అది ఖాళీ చేయించి, చుట్టాల మంచాలన్నీ అందులో వేయించమన్నాను. ప్రత్యేకంగా గది ఇవ్వడం గౌరవం కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. మర్నాడే బావగారికి, మే నెలలో ఎవరికీ ఉండని పొలం పనులు గుర్తొచ్చాయి.

డెల్టాలో ఇల్లు గీసేవాడు ఎండ, గాలి, వాన చూసుకుంటే చాలదు, చుట్టాలని కూడా చూసుకోవాలని నాకు అక్కడ తెలిసింది. ఆ తర్వాత నేను గీసిన ప్రతి ఇంట్లోనూ అతిథుల గది పడమటే ఉంది. కారణమేమిటని అడిగిన యజమానులకి, వాతావరణ శాస్త్రం అని చెప్పేవాణ్ణి. ఇంటావిడలు మాత్రం ఎప్పుడూ అడగలేదు.