రిపీటరు మీదుగా పెసరట్లు

ఫిజిక్సు లెక్చరరుగా రిటైరయ్యాక అనంతపద్మనాభం గారికి పట్టిన పిచ్చి ఒక్కటే: క్వాంటం నెట్‌వర్కు. బల్ల మీది పటంలో తిరువూరు నుంచి విస్సన్నపేట, ఎ.కొండూరు, రెడ్డిగూడెం దాకా గీతలు పాకాయి. "ఎన్ని ఊళ్లు కలిసినా తట్టుకోవాలి" అనేవారు. గీతలు కాగితం మీదే ఉండుంటే భార్య రమాసుందరికి పేచీ లేదు. అవి వంటింట్లోకి వచ్చాయి.

ఆమె పప్పు గిన్నె మూత తీయబోతే కేకేశారు. "చూడకు! దారిలో ఎవరైనా తొంగిచూస్తే క్వాంటం సందేశం చెడిపోతుంది."

"ఇది పప్పండీ, తొంగిచూడకపోతే మాడుతుంది!"

మాడింది.

ఎదురింటి సుబ్బాయమ్మకి పెసరట్లు పంపాలన్నా నేరుగా వీల్లేదు. ఆయనే గిన్నె పట్టుకెళ్లి వీధి చివర హనుమాయమ్మ ఇంట్లో ఇస్తారు. సుబ్బాయమ్మ అక్కడికెళ్లి తెచ్చుకోవాలి.

"దూరం పోయేకొద్దీ సిగ్నల్ నీరసపడుతుంది. మధ్యలో అందుకుని ముందుకు పంపే రిపీటరుండాలి" అన్నారాయన.

"ఎదురిల్లేగా! పైగా భర్త పోయిన దగ్గర్నుంచీ హనుమాయమ్మ తలుపే తీయట్లేదు. ఇల్లమ్మేస్తుందట కూడానూ."

"రిపీటరుకి ముభావం మంచిదే."

"పోనీ, సుబ్బాయమ్మకి అట్ల ఫొటో పెట్టనా?"

"క్వాంటంలో కాపీ కుదరదు. అట్టే వెళ్లాలి."

విస్సన్నపేట షేర్ ఆటో స్టీఫెన్ తెచ్చే మామిడికాయలూ అక్కడే దిగేవి. "మీ ఇల్లు దాటుకునే పోతున్నానండి!" అని మొత్తుకునేవాడు పాపం.

ఓ ఆదివారం సుబ్బాయమ్మ ఎదురింటి నుంచే అరిచింది. "అట్లు చల్లారి చెప్పుల్లా సాగుతున్నాయే రమా!"

రమాసుందరికి ఒళ్లు మండింది. ఆ రిపీటరు సంగతేదో తేల్చేద్దామని బయల్దేరింది.

హనుమాయమ్మ ఇంటి తలుపులు బార్లా తీసున్నాయి. స్టీఫెన్ టీ తాగుతున్నాడు. హనుమాయమ్మ కొంగు బిగించి మామిడికాయలు వేరుచేస్తోంది.

"రావే రమా! ఇల్లమ్మేసి చెల్లెలి దగ్గరికి పోదామనుకున్నా. పరామర్శలకొచ్చిన వాళ్లందర్నీ తిట్టి పంపించేశా కూడా. ఇప్పుడు తీరికేదీ? నేను లేకపోతే నెట్‌వర్కే పడిపోతుందట మరి!"

తేల్చేద్దామని వచ్చిన రమాసుందరి తనూ కూర్చుని నాలుగు కాయలు వేరుచేసింది. కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. ఇంటికొచ్చి అడిగింది. "ఇదంతా ఆవిడ కోసమేనా?"

ఆయన పటం మీంచి తలెత్తలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

"తొంగిచూశావా? పోయింది, అంతా చెడిపోయింది!"

"నేనేం చూళ్లేదు. లేవండి, మీ కాఫీ అక్కడ పెట్టించి వచ్చాను. రిపీటరు దగ్గరికెళ్లి తాగి రండి."