ఎక్కువ రావాలె

గోదావరిఖనిలో బస్సెక్కితే నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. బొగ్గుబావి డ్యూటీకి తీసుకెళ్లే రకం. సొట్టలు పడిన ఆ డబ్బా చుట్టూ చెమ్మ పట్టి ఉంది.

"సద్ది కట్టుకున్నవా కాక?" అని అడిగాను.

"కాదు బిడ్డా. నా ఊపిరితిత్తులల్ల తీసిన నీళ్లు," అంటూ మూత కొంచెం తెరిచాడు. మంచుముక్కల మధ్య చిన్న సీసాలో పసుపు పచ్చని నీరు కనిపించింది. ఆ పరీక్ష ఇక్కడ చెయ్యరట. కరీంనగర్ ల్యాబుకు తనే మోసుకుపోతున్నాడు.

"నాకు షుగరుంది, గసొంటోళ్లకు టీబీ జల్ది అంటుకుంటదట. తెమడ పరీక్షల ఏం దొరకలే. గీ నీళ్లల్ల ఏదో ఎంజైము చూస్తరట. గది ఎక్కువుంటే టీబీ అంటరు. మందులు మింగితే పోతది."

"తక్కువుంటే?"

"క్యాన్సర్ గిట్ల ఉన్నదేమో చూడాలన్నడు డాక్టరు."

డబ్బాను రెండు చేతులతో పొట్టకు దగ్గరగా జరుపుకున్నాడు.

"ఎక్కువ రావాలని మొక్కు బిడ్డా. ఇంట్ల పింఛను పనని చెప్పొచ్చిన. మొక్కెటందుకు నువ్వొక్కనివే ఉన్నవ్."

తల ఊపాను. ఆ తర్వాత బస్సు గుంతలో పడ్డప్పుడల్లా నా చెయ్యి కూడా ఆ డబ్బా మీదికి వెళ్లింది. పెద్దపల్లిలో దిగిపోయాను. పేరైనా అడగలేదు.

ఆ ఫలితం వచ్చి ఏడాది దాటి ఉంటుంది. అయినా పొద్దున దీపం పెట్టి, ఇంట్లోవాళ్ల పేర్లన్నీ చెప్పుకున్నాక, డబ్బా కాకకు ఎక్కువే రావాలని ఇంకా మొక్కుతూనే ఉన్నాను.