చెయ్యి వాసన చూసే కాంపౌండరు

పెరుమాళ్సామి నొప్పి మాత్ర ఇచ్చే ముందు మనిషి కుడిచెయ్యి వాసన చూసేవాడు. నాడి చూసే వైద్యులున్నారు, నాలుక చూసేవాళ్లున్నారు. వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునే కాంపౌండరు మాత్రం కోయంబత్తూరు మిల్లులన్నిటిలో ఆయనొక్కడే. వేళ్లకు సాంబారో, మజ్జిగో, కనీసం ఊరగాయో అంటుకుని ఉంటేనే మాత్ర. సబ్బు వాసన వచ్చిందా, "పోయి తినేసి రాప్పా" అని కిటికీ మూసేసేవాడు.

సూలూరు దారిలోని ఆ నూలుమిల్లులో నేను టైమ్ ఆఫీసు గుమాస్తాను. మా గదికీ డిస్పెన్సరీకీ మధ్య ఒక చెక్క అడ్డు మాత్రమే ఉండటంతో ఆయన భయాలన్నీ నాకు వినిపించేవి. డెబ్బైల చివరి మాట. ఐబుప్రోఫెన్ అనే మాత్ర మా మిల్లుకు కొత్తగా వచ్చింది. రోజంతా నిలబడి పనిచేసేవాళ్ల మోకాళ్లకు అది వరం. పెరుమాళ్సామికి మాత్రం డబ్బాలో నాగుపాము ఉన్నట్టే. మూత తీసేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

ఒకసారి ఫిట్టరు అప్పసామి బెణికిన మణికట్టుతో వచ్చాడు. చేతికి గ్రీజు వాసన తప్ప ఇంకేమీ లేదు.

"వలి చేతికి. అన్నం కడుపుకు. రెండిటికీ ఏమి సంబంధం అయ్యా?" అన్నాడు. నొప్పిని మావైపు వలి అంటారు.

"మీ షెడ్డులో ఒకే బెల్టు రెండు మిషన్లను తిప్పుతుందా లేదా?"

"తిప్పుతుంది."

"ఒంట్లోనూ అంతే. ఒక మిషను నొప్పి, వాపు, జ్వరం చేస్తాది. ఇంకోటి కడుపు లోపలి గోడకు జిగురు పూస్తాది, అక్కడి ఆసిడ్ గోడను కొరక్కుండా. ఈ మాత్ర పోయి బెల్టు జార్చేస్తాది. నొప్పి నిలిచిపోయె. జిగురూ నిలిచిపోయె. కడుపులో అన్నం లేకపోతే ఆసిడ్ నిన్నే తింటాది."

అప్పసామి కడుపు పట్టుకున్నాడు. "మరి ఏమిటికిస్తారు దీన్ని?"

"నీ వలి పోవద్దా? తిని ఒకటి వేసుకో, నీళ్లు బాగా తాగు. ఎనిమిది గంటలదాకా ఇంకోటి అడగొద్దు. ఉబ్బసముంటే చెప్పు, కిడ్నీ కంప్లైంటుంటే చెప్పు. తలనొప్పి అని అంగట్లో ఇంకో మాత్ర కొని దీనిమీద వేసుకోవద్దు."

"మాత్ర లేకుండానే వలి సరిపోయినట్టుంది అయ్యా," అని అప్పసామి బెణికిన చేత్తోనే దండం పెట్టి వెళ్లిపోయాడు.

మాత్ర ఇచ్చాకైనా ఆయన భయం తీరేది కాదు. మర్నాడు ఆ మనిషి ఎక్కడ కనబడితే అక్కడ పట్టుకుని, మలం తారులా నల్లగా పోయిందా అని అడగాలి. లోపల రక్తం కారితే అలా పోతుందట. వీవింగు మేస్త్రీ దొరైసామి కూతురి పెళ్లిలో, పందిట్లో నిలబడి, నాదస్వరం హోరులో వినబడాలని గట్టిగా అడిగాడు. సరిగ్గా అప్పుడే మేళం ఆగింది. "నల్లగా పోయిందా దొరైసామీ?" అన్న ప్రశ్న మగపెళ్లివాళ్లందరికీ స్పష్టంగా వినబడింది. దొరైసామి ఆరు నెలలు ఆయనతో మాట్లాడలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ మిల్లులో కొందరి చేతులను కొందరు ముట్టుకునేవాళ్లు కాదు. కాఫీ గ్లాసులు కూడా వేరుగా ఉండేవి. పెరుమాళ్సామి భూములున్న నాయుళ్ల ఇంటివాడు. ఆయన ముక్కుకు మాత్రం ఆ తేడా తెలియదు.

ఆ ఏడు అమ్మవారి మొక్కుల ఆడి మాసంలో, రీలింగులో నూలు చుట్టే రక్కమ్మాళ్‌కు మోకాలు వాచింది. ఆవిడ వేరు గ్లాసువాళ్ల మనిషి. డాక్టరు రెండు వారాలకు చీటీ రాశాడు, మధ్యాహ్నం భోజనం చేశాక రోజుకో మాత్ర. ఆవిడ రోజూ వచ్చేది, చెయ్యి చాపేది, సాంబారు వాసన ఘుమఘుమలాడేది, మాత్ర పుచ్చుకుని వెళ్లేది. పెరుమాళ్సామికి ఇంత క్రమం తప్పని రోగి దొరకలేదు.

పన్నెండో రోజున కూడా సాంబారు వాసనే. కానీ ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది. ఆయన ఆవిడ కంటి కింది రెప్ప లాగి చూశాడు. తెల్లగా ఉంది.

"నల్లగా పోతాందా తాయీ?"

ఆ ప్రశ్నకు రీలింగు ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం అలవాటు. రక్కమ్మాళ్ తల దించుకుంది.

"నాలుగు దినాలుగా అయ్యా."

"తింటావుండావు గదా?"

"ఒక్కపొద్దు అయ్యా. మోకాలి వలి సరిపోవాలని మారియమ్మకు మండలం మొక్కుకొంటిని. పొద్దుగూకినాకే కూడు. వేళ్లు మాత్రం పక్క మిషను భాగ్యం గిన్నెలో ముంచుకొని వస్తావుంటిని."

మోకాలికి అమ్మవారు ఒకవైపు, మాత్ర ఒకవైపు. రెండిటి మధ్య ఖాళీ కడుపు.

మేనేజరు తుమ్మితేనే లేచి నిలబడే పెరుమాళ్సామి, పోదనూరు స్టేషనుకు బయలుదేరబోతున్న ఆ మేనేజరు కారు తలుపు తీసి రక్కమ్మాళ్‌ను వెనకసీట్లో పడుకోబెట్టాడు.

"అయ్యా, దొర రైలుకు పోవాల," అన్నాడు డ్రైవరు వేలుసామి.

"రైలు రేపూ వస్తాది. పెద్దాసుపత్రికి నడుపు."

కడుపులో పుండు, లోపల రక్తం. రెండు సీసాల రక్తం ఎక్కించారు. బతుకుతుందో లేదో మూడు రోజులు తేలలేదు. నేను వెళ్లేసరికి పెరుమాళ్సామి ఆసుపత్రి వరండాలో తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. "నేనే ఇస్తిని. పదకొండు," అన్నాడు. అక్కడి డాక్టరు, తిని వేసుకున్నా గండం తగ్గుతుందే కానీ పూర్తిగా పోదని చెప్పాడట. దాంతో ఆయనకు మరో కొత్త భయం పట్టుకుంది.

నాలుగో రోజు రక్కమ్మాళ్ తేరుకుంది. గంటగంటకూ కొంచెం పాలు పట్టమన్నారు. ఆవిడ నోరు తెరవలేదు. నర్సు తిట్టింది, డాక్టరు చచ్చిపోతావన్నాడు.

"మొక్కు తప్పితే అమ్మ ఊరకుంటాదా?" అంది. పుండుకంటే అమ్మవారే ఆవిడకు ఎక్కువ భయం. ఆ భయం తెలిసినవాడు ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు.

"ఇంకా ఎన్ని దినాలుండాది?" అన్నాడు పెరుమాళ్సామి.

"పంతొమ్మిది."

"వేరేవాళ్లు మోయొచ్చా?"

"కూడ పుట్టినోళ్లయితే మోయొచ్చు. నాకెవరుండారు?"

"సరి. పాలు తాగు."

రక్కమ్మాళ్ ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత నోరు తెరిచింది.

అలా మిల్లులో అందరికీ తిండి పెట్టించే మనిషి పంతొమ్మిది రోజులు ఒక్కపొద్దు ఉన్నాడు. ఉద్యోగం మాత్రం ఆపలేదు. మిట్టమధ్యాహ్నం, కడుపు నకనకలాడుతుండగా, వరసగా ముప్పై చేతుల సాంబారు, రసం, ఎండుచేపల కరువాడు పులుసు వాసన చూసి మాత్రలిచ్చేవాడు. భాగ్యం చేతి దగ్గర మరీ ఎక్కువసేపు ఆగేవాడు. "తింటినో లేదో ఇంకా తేలలేదా అయ్యా?" అని ఆవిడ ఆటపట్టించేది.

ఆఖరి రోజు సాయంత్రం షిఫ్టు దిగే వేళకు రక్కమ్మాళ్ నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి డిస్పెన్సరీ మెట్టు మీద మొక్కు తీర్చే కూళు కుండ దించింది. రీలింగు మొత్తం గేటు దాటకుండా నిలబడి చూస్తోంది. దొరైసామి కూడా ఆగాడు.

రక్కమ్మాళ్ తన ఇంటి లోటాలో ఆ అంబలి పోసి, ఒక క్షణం తటపటాయించి, ముందుకు చాపింది. "తాగండి అణ్ణా."

ఆయన అందరి ముందూ గటగటా తాగి, మూతి తుడుచుకుని, లోటా మళ్లీ ఆవిడ ముందుకే చాపాడు.

"ఉప్పు చాలలేదు. ఇంకొంచెం పొయ్యి."